రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ తొలి ఆల్బమ్: నలుగురు స్నేహితులు ఒకరినొకరు విన్న రికార్డు

వసంతం రాగానే ఉత్తర వర్జీనియాలోని మా తెలుగు కుటుంబాలు చెర్రీ పూలు చూడడానికి వాషింగ్టన్ డీసీకి బయలుదేరడం ఒక ఆనవాయితీ. టైడల్ బేసిన్ దగ్గర కారు నిలపడానికి చోటు దొరకదు కాబట్టి మేము ప్రతిసారీ ఇంకాస్త దక్షిణానికి పోయి, పోటోమాక్ నదికీ వాషింగ్టన్ చానెల్‌కూ మధ్య నేల మొనలా సన్నబడే హెయిన్స్ పాయింట్ దగ్గర దుప్పటి పరిచి పులిహోర డబ్బా తెరుస్తాము. ఆ చోటు పేరుతో 1985లో ఒక పంక్ (వేగంగా, మొరటుగా వాయించే రాక్) పాట వచ్చిందనీ, ఆ పాట ఉన్న రికార్డునే తర్వాతి తరాలు ‘ఇమో’ అని పిలుచుకున్న సంగీతానికి తొలి మెట్టుగా చెబుతారనీ నాకు తెలిసేసరికి నేను ఈ ప్రాంతానికి వచ్చి చాలా ఏళ్లయింది. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బృందం తన పేరుతోనే వెలువరించిన ఆ ఆల్బమ్‌ను ఏడాదిగా వింటున్నాను. ఇది ఏడుపు పాటల రికార్డని పేరుపడింది. నాకు మాత్రం ఇందులో, ఒకే ఊరి నలుగురు కుర్రవాళ్లు ఒకరి వాయిద్యాన్ని ఒకరు చెవులు రిక్కించి విన్న తీరే ముందుగా వినిపిస్తుంది. ఈ సమీక్ష ఆ తీరు గురించే.

బృందం 1984లో వాషింగ్టన్‌లో ఏర్పడింది. గీ పిచియాటో పాడుతూ గిటారు వాయించేవాడు, ఎడీ జానీ రెండో గిటారు, మైక్ ఫెలోస్ బేస్ (కింది స్వరాల గిటారు), బ్రెండన్ కాంటీ డ్రమ్స్. వీరిలో జానీ మినహా మిగిలిన ముగ్గురూ అంతకుముందు ఇన్‌సరెక్షన్ అనే బృందంలో కలిసి వాయించినవారే. జానీ ఆ నగరంలోనే ద ఫెయిత్ అనే హార్డ్‌కోర్ (పంక్‌నే ఇంకా వేగంగా, దూకుడుగా వాయించే) బృందంలో పనిచేసి వచ్చాడు. అంటే ప్రకటన ఇచ్చి సభ్యులను ఎంచుకున్న బృందం కాదు. ఒకే ఊరి కచేరీలలో తిరిగిన వాళ్లు చేరి కట్టుకున్నది. 1985 ఫిబ్రవరిలో ఈ పాటలు రికార్డు చేసేనాటికి పిచియాటోకు పంతొమ్మిదేళ్లు, కాంటీకి పద్దెనిమిది. పేరు మాత్రం 1913లో పారిస్‌లో గగ్గోలు పుట్టించిన, రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ బాలే ‘ద రైట్ ఆఫ్ స్ప్రింగ్’ (వసంత క్రతువు) నుంచి తెచ్చుకున్నారు. పాత శీతకాలం విరగగొట్టుకుని కొత్త చిగురు రావాలన్న కోరిక ఆ పేరులోనే ఉన్నది. ఆ కోరికకు కారణం వాళ్ల ఊళ్లోనే ఉన్నది.

1980ల మొదట్లో డీసీ నగరం హార్డ్‌కోర్ పంక్‌కు పెట్టింది పేరు. ఇయన్ మకై, జెఫ్ నెల్సన్ తమ టీన్ ఐడిల్స్ బృందం పాటలను అచ్చు వేసుకోవడానికి 1980లో డిస్కార్డ్ అనే సొంత లేబుల్ (రికార్డు సంస్థ) పెట్టారు. ఆ తర్వాత వారే నడిపిన మైనర్ త్రెట్ దేశమంతటా పిల్లలకు ఆదర్శమైంది. 1983లో ఆ బృందం ఆగిపోయేనాటికి ఊళ్లోని కచేరీలు పాటకన్నా కొట్లాటకు ఎక్కువ పేరు తెచ్చుకున్నాయి. వేదిక ముందు ఎగిరే గుంపులో పిడికిళ్లు, ముక్కులు పగలడం, పాడేవాడు ఏమి చెబుతున్నాడో పట్టని జనం. ఆ వాతావరణంతో విసిగిన పాత మిత్రులు కొందరు 1985 వేసవిని ‘రివల్యూషన్ సమ్మర్’ అని పిలుచుకుని కొత్త బృందాలు కట్టారు: మకై పాడిన ఎంబ్రేస్, బీఫీటర్, ఇంకా కొన్ని. వాటికి దారి తీసినది రైట్స్ ఆఫ్ స్ప్రింగ్. వేగాన్ని, గొంతు చించుకోవడాన్ని హార్డ్‌కోర్ నుంచే తీసుకుని, కోపం ఉన్న చోట మనిషి లోపలి బెంగను పెట్టింది. ఇంత చెబితే చాలు. ఈ నేపథ్యం తెలియకపోయినా రికార్డు వినడానికి అడ్డేమీ లేదు.

అసలు సంగతి శబ్దంలో ఉన్నది. ఈ పాటలను ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా తన ఇంటి బేస్‌మెంటులో నడిపిన ఇన్నర్ ఇయర్ స్టూడియోలో, మకై నిర్మాతగా ఉండి రికార్డు చేయించాడు. పెద్ద హాలులో మోగే ప్రతిధ్వని ఇందులో ఎక్కడా లేదు; గోడలు దగ్గరగా ఉన్న ఒక చిన్న గదిలో నలుగురూ ఒకరి మోకాళ్లకు ఒకరి మోకాళ్లు తగిలేటట్టు నిలబడి వాయిస్తున్నట్టే ఉంటుంది. మంచి ఇయర్‌ఫోన్లతో వింటే డ్రమ్ముల మీద పడిన దెబ్బ వెంటనే ఆరిపోవడం, గిటారు తీగ వదిలేసిన మరుక్షణం మిగిలిన సన్నని గరగర, పాడేవాడు పంక్తి మొదలుపెట్టే ముందు పీల్చిన ఊపిరి అన్నీ పట్టుబడతాయి. ఖరీదైన స్టూడియోలో ఇవన్నీ చెరిపేసేవారు. చెరిపేసి ఉంటే ఈ రికార్డులో మిగిలేది అరుపులే.

ఆల్బమ్‌లో పన్నెండు పాటలున్నాయి, మొత్తం నిడివి నలభై నిమిషాలకు తక్కువ. వీటిలో మూడవదైన ‘ఫర్ వాంట్ ఆఫ్’ ఒక్కటి చాలు ఈ బృందం పనితనం చూపడానికి. నిద్రలేచేసరికి గతం తాలూకు ముక్క ఒకటి గొంతులో అడ్డుపడి ఉక్కిరిబిక్కిరి అయిన మనిషి గోడు ఆ పాట. పదాలు చెప్పుకుంటే ఇంతే. ఇలాంటి మాటలు రాసుకోని పంతొమ్మిదేళ్ల కుర్రవాడు ఏ ఊళ్లోనూ ఉండడు. పాటను నిలబెట్టినది, ఆ గొంతు పగిలే ప్రతిచోటా మిగిలిన ముగ్గురూ చేసే పని. పిచియాటో పంక్తి చివర గొంతు జీరబోయి స్వరం తప్పబోతున్నప్పుడు జానీ గిటారు ఆ తప్పిన స్వరాన్ని తాను అందుకుంటుంది. ఫెలోస్ బేస్ కింద మెట్టులోనే ఉండిపోకుండా పైకెక్కి, పాట వినేవాడు కూనిరాగం తీయగలిగే రాగాన్ని తానే మోస్తుంది. కాంటీ ఊరికే వేగంగా కొట్టడు. మాట నలిగిపోతుందనుకున్న చోట చెయ్యి తేలిక చేసి, మాట పూర్తికాగానే విరుచుకుపడతాడు. బుర్రకథ చూసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది: కథకుడు ఆవేశంలో ఊపిరి అందక ఆగిన క్షణాన వంతలు ‘తందాన తాన’ అని పాటను నేల మీద పడకుండా పట్టుకుంటారు. ఈ నలుగురిలో వంతపాట వాయిద్యాల మీద సాగుతుంది.

నేను మొదటిసారి ఈ పాట కారులో పెట్టినప్పుడు పక్క సీట్లో మా బావమరిది ఉన్నాడు. అర నిమిషం ఓపిక పట్టి, “బావా, ఎవరో ఇంట్లో పోట్లాడుకుంటుంటే తలుపు బయటి నుంచి వింటున్నట్టుంది” అన్నాడు. ఈ ఆల్బమ్ మీద నేను చదివిన మెచ్చుకోలు మాటలేవీ అంత సరిగ్గా లేవు. తలుపు బయట నిలబడిన ఇబ్బంది ఇందులో నిజంగానే ఉన్నది. పాడేవాడు మన కోసం పాడుతున్నట్టుండడు. తన స్నేహితులకు చెప్పుకుంటుంటే మనం వినవలసి వచ్చినట్టుంటుంది. కొందరికి ఆ ఇబ్బంది నచ్చదు, వారిని తప్పుపట్టలేము.

‘హెయిన్స్ పాయింట్’ రెండు నిమిషాల పైచిలుకు పాట, వచ్చినంత వేగంగా పోతుంది. ఆ స్థలం పేరు పీటర్ హెయిన్స్ అనే సైనిక ఇంజనీరుది. పాట శీర్షికలో అక్కరలేని చోట ఒక అపాస్ట్రఫీ దూరింది, అదీ ఇప్పటికీ అలాగే అచ్చవుతున్నది. ఈ పాట రికార్డయిన నాటికి ఆ మొన చివర నేలలో సగం పూడిన ఒక మహాకాయుడు బయటికి రావడానికి పెనుగులాడుతున్న లోహ శిల్పం ఉండేది. నేల పైకి చాచిన చెయ్యి, మడిచిన మోకాలు, గడ్డంతో అరుస్తున్న ముఖం ముందుగా కనిపించేవి. 1980లో పెట్టిన ఆ శిల్పాన్ని 2008లో మేరీల్యాండ్‌లోని నేషనల్ హార్బర్‌కు తరలించారు. పాటకూ శిల్పానికీ ముడిపెట్టే హక్కు నాకు లేదు, అయినా ఈ ఆల్బమ్ వింటున్నప్పుడల్లా నా కళ్లముందు కదిలేది ఆ నోరు తెరిచిన ముఖమే. నేషనల్ హార్బర్‌లో ఇప్పుడు పిల్లలు దాని చేతి మీదకెక్కి జారుతుంటారు.

రికార్డు మొదటి వైపును ముగించే ‘డ్రింక్ డీప్’ ఇంతవరకూ చెప్పిన దానికి భిన్నమైనది. వేగం తగ్గుతుంది, గిటార్లు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు సుడులు తిరుగుతాయి, టేపుతో చేసిన గమ్మత్తులు కొన్ని వినిపిస్తాయి. హార్డ్‌కోర్ పిల్లలకు ఇది ఆనాడు ద్రోహంలా వినిపించి ఉంటే ఆశ్చర్యపడను. ఐదు నిమిషాలకు దగ్గరగా సాగే ఈ పాటలో తొందర లేదు, అదే దీని ధైర్యం. రెండో వైపు చివరిదైన ‘ఎండ్ ఆన్ ఎండ్’ ఏడు నిమిషాలు దాటుతుంది. ఒకే వరుస మీద తిరిగి తిరిగి, ప్రతి చుట్టుకూ కాస్త బిగువు పెంచుకుంటూ పోయి, చివరికి పాట రూపం విడిచి గోలగా మారిపోతుంది. పంక్ పాట అంటే రెండు నిమిషాలని గిరిగీసుకున్న రోజుల్లో ఇంత పొడుగు పాటతో ఆల్బమ్ ముగించడానికి, మధ్యలో ఎవరో ఒకరు ‘ఇక చాలురా’ అనకపోవాలి. ఆ నలుగురిలో ఎవరూ అనలేదు. ఇక్కడ నాకు స్నేహం గుణంగానూ, లోపంగానూ ఒక్కసారే కనిపిస్తుంది, ఎందుకంటే ఒకటిన్నర నిమిషం ముందే ఎవరైనా అని ఉంటే పాట ఇంకా బాగుండేది.

లోపాల మాట వచ్చింది కాబట్టి మిగిలినవీ చెప్పాలి. రెండో వైపు మధ్యలో ‘బై డిజైన్’, ‘న్యూడ్స్’ వంటి పాటలు ఎన్నిసార్లు విన్నా నాకు విడివిడిగా గుర్తుండవు. వేగమూ ఒకటే, ఎత్తుగడా ఒకటే, గొంతు పలికే బాధ తీరూ ఒకటే. పదాలలో దృష్టి, జ్ఞాపకం వంటి నైరూప్యాలే ఎక్కువ. ఒక మనిషి పేరు, ఒక వీధి, ఒక వస్తువు ఎదురుపడడం అరుదు. ఎవరి కోసం ఈ బెంగ, ఏ సాయంత్రం జరిగిన సంగతి అని అడిగితే పాటలు జవాబివ్వవు. మన జానపద శోకగీతాల్లో ‘వాకిట్లో ముగ్గు చెరగలేదు, నువ్వు రాలేదు’ అన్న తరహా ఆనవాలు ఒకటైనా ఉంటుంది, వినేవాడు దాన్ని పట్టుకుని లోపలికి పోతాడు. ఇక్కడ పట్టుకోవడానికి గొంతు ఒక్కటే దిక్కు. రికార్డింగులో కింది స్థాయి శబ్దం పలచన కావడం మరో కొరత. చిన్న బ్లూటూత్ స్పీకరులో వేస్తే ఫెలోస్ బేస్ దాదాపు మాయమవుతుంది, అది మాయమైతే నేను పైన పొగిడిన దాంట్లో సగం మాయమైనట్టే.

‘ఇమో’ అన్న మాట గురించి ఒక్క మాట. 1985లోనే కొందరు ఈ డీసీ బృందాల సంగీతాన్ని ‘ఇమోషనల్ హార్డ్‌కోర్’ అనీ, పొట్టిగా ‘ఇమోకోర్’ అనీ పిలవడం మొదలుపెట్టారు. మకై ఆ మాటను వేదిక మీది నుంచే ఎద్దేవా చేశాడు. పిచియాటో తాము ఒక కొత్త శైలి పుట్టించామన్న మాటను ఏనాడూ ఒప్పుకోలేదు, ఉద్వేగం లేని పంక్ ఎక్కడిదన్నది అతడి వాదన సారాంశం. తర్వాత ఆ మాట వాళ్లను అడగకుండానే దేశమంతా తిరిగింది. 1994లో సియాటిల్ నుంచి సన్నీ డే రియల్ ఎస్టేట్ తొలి ఆల్బమ్, 1999లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరి నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ తొలి ఆల్బమ్, 2000ల్లో కళ్లకు నల్ల కాటుక, నుదుటి మీద వాలిన జుట్టుతో టీవీల్లో కనిపించిన బృందాలు, అన్నీ ఆ మాట కిందకే వచ్చాయి. ఆ చివరి తరం పాటలు విన్న చెవులతో ఈ రికార్డు పెట్టుకునేవారికి కొంత నిరాశ తప్పదు. ఇందులో కలిసి పాడుకోవడానికి వీలైన పెద్ద పల్లవులు లేవు, ప్రేమ విఫలమైన అబ్బాయి ఫిర్యాదులు లేవు. ‘ఇమో’ అంటే ఏమిటో తెలుసుకోవడానికి కాక, ఒక బృందం పని చూడడానికి వింటే మంచిదని నా సలహా.

వేదిక మీద వీళ్లు గిటార్లు, డ్రమ్ములు విరగ్గొట్టుకునేదాకా వాయించేవారని, చూసేవాళ్లలో కొందరు ఏడ్చేవారని ఆ కచేరీలకు వెళ్లినవారు చెప్పుకున్నారు. వాయిద్యాలు కొనుక్కునే స్తోమత లేని కుర్రవాళ్లకు ఆ పద్ధతి ఎన్నాళ్లు సాగుతుంది? మొత్తం కచేరీలు ఇరవైకి మించలేదు, 1986 మొదట్లోనే బృందం చెదిరిపోయింది. కానీ స్నేహం చెదరలేదు. పిచియాటో, కాంటీ, జానీ ముగ్గురూ ఆ ఏడాదే వన్ లాస్ట్ విష్ అనే బృందంలో వాయించారు. తర్వాత పాత నలుగురూ మళ్లీ కలిసి హ్యాపీ గో లికీ అనే పేరుతో పూర్తిగా వేరే సంగీతం చేశారు. 1987లో మకై మొదలుపెట్టిన ఫుగాజీలో కాంటీ డ్రమ్ములు, పిచియాటో గొంతు, గిటారు చేరాయి. ఫుగాజీ ఎంత పెద్ద బృందమైందో తెలిసినవారు ఆ బృందం నేర్పు అంతా 1988 తర్వాతిదనుకుంటారు. ఈ తొలి ఆల్బమ్‌లో కాంటీ మాట కోసం చెయ్యి తేలిక చేసే చోట్లు విన్న తర్వాత ఆ అభిప్రాయం మార్చుకోక తప్పదు.

ఇక కొనేవారి కోసం. డిస్కార్డ్ కేటలాగులో పదహారవ రికార్డుగా వచ్చిన ఈ ఆల్బమ్ ఎల్‌పీ (పెద్ద వినైల్ రికార్డు) రూపంలో మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉన్నది, ఇందులో పన్నెండు పాటలే ఉంటాయి. 1991లో ‘ఎండ్ ఆన్ ఎండ్’ పేరుతో వచ్చిన సీడీలో ఈ పన్నెండుకు తోడు, అప్పుడు మిగిలిపోయిన ఒక పాటా, 1987లో వెలువడిన ‘ఆల్ త్రూ ఎ లైఫ్’ చిన్న రికార్డులోని నాలుగు పాటలూ కలిపి మొత్తం పదిహేడు ఉన్నాయి. ఆ నాలుగు పాటలు ఆల్బమ్ కన్నా సాఫీగా, కాస్త తీయగా ఉంటాయి. వాటి కోసం సీడీయో, దాని డిజిటల్ రూపమో తీసుకోవడమే లాభం. ఆల్బమ్‌కు ముందు చేసుకున్న ఆరు పాటల డెమోను (నమూనా రికార్డింగును) డిస్కార్డ్ 2012లో విడిగా విడుదల చేసింది. అది పిచ్చి అభిమానులకే. అదే పాటలు కాస్త మొరటుగా వింటాము, అంతే.

నేను మొదట ఎల్‌పీని ఒక పాత రికార్డుల దుకాణం నుంచి తపాలాలో తెప్పించుకున్నాను. ఆ దుకాణం వాళ్లు దాన్ని సన్నని అట్టకవరులో పెట్టి పంపడంతో మూల వంగిపోయి, లోపలి కాగితం కవరు అంచు చిరిగి వచ్చింది. ఫొటోలు తీసి రాస్తే, పాట వినిపిస్తున్నదా లేదా అని మాత్రమే అడిగారు. వినిపిస్తున్నది, నిజమే. ఆ తర్వాత నుంచి నేను లేబుల్ దగ్గరే నేరుగా కొంటున్నాను. డిస్కార్డ్ మొదటి నుంచీ ధర తక్కువగా ఉంచడాన్ని ఒక పట్టుదలగా పెట్టుకున్న సంస్థ కాబట్టి మధ్యవర్తికి ఎక్కువ ఇవ్వవలసిన పనీ లేదు. ఇన్నర్ ఇయర్ స్టూడియోను చూడాలని ఎవరైనా ఆర్లింగ్టన్ వెళితే నిరాశే మిగులుతుంది. జియెంటారా దాన్ని బేస్‌మెంటు నుంచి వేరే భవనంలోకి మార్చి ఎన్నో ఏళ్లు నడిపాడు, 2021లో ఆ భవనంలోని స్టూడియో కూడా మూతపడింది.

మొదటిసారి వినేవారు ఆల్బమ్‌ను వరుసగా పెట్టుకోకుండా ‘ఫర్ వాంట్ ఆఫ్’, ‘డ్రింక్ డీప్’, మళ్లీ ‘ఫర్ వాంట్ ఆఫ్’ అన్న క్రమంలో వినాలని నా సూచన. మొదటిసారి గొంతును వినండి. రెండోసారి గొంతును వదిలి బేస్‌ను మాత్రమే వెంబడించండి. రెండోసారికీ అరుపులే వినిపిస్తే మా బావమరిది పక్షాన చేరిపోవచ్చు, రికార్డు కొనకుండా మిగిలిన డబ్బుతో ఇద్దరు పిల్లలకు ఐస్‌క్రీము వస్తుంది. నేను మాత్రం వచ్చే ఏప్రిల్‌లో హెయిన్స్ పాయింట్‌కు వెళ్లేటప్పుడు కారులో ఇదే పెడతాను, బావమరిదిని వెనక సీట్లో కూర్చోబెట్టి.